సెంట్రల్‌లో దిగి నుంగంబాక్కం కంటి ఆసుపత్రికి: డెబ్బై నాలుగేళ్ల అమ్మతో ఎలా వెళ్లాలి?

ఆత్మకూరు మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అమ్మకు కుడి కంటి లోపలి పొరకు ఆపరేషను చేయాలన్నారు. చెన్నై నుంగంబాక్కంలో, కాలేజీ రోడ్డు ఆసుపత్రిలో. మన జిల్లాలో ఆ దారి తొక్కని కుటుంబం ఉండదనుకుంటాను. వచ్చే నెల రెండో మంగళవారం ఉదయం పదిన్నరకు రమ్మన్నారు. ఆ రోజు పరీక్షలు, మర్నాడు ఆపరేషను, ఆ తర్వాతి రోజు కట్టు విప్పి చూసి పంపిస్తారట.

నా భయం ఆపరేషను గురించి కాదు, సెంట్రల్ స్టేషను గురించి. నవ్వకండి.

మొదటిసారి చూపించడానికి పినాకినిలో వెళ్లాం. మా బోగీ బండికి దాదాపు చివర ఉంది. దిగినప్పటి నుంచి బయటి గేటు దాకా నడక, నడక, నడక. అమ్మకు మోకాళ్ల నొప్పులు. దారిలో రెండుసార్లు సంచి మీద కూర్చుంది. బండిలో ఒకాయన ‘పార్కు స్టేషనుకు వెళ్లి లోకల్ ఎక్కండి, మూడోది నుంగంబాక్కం’ అని చెప్పాడు. బయటికొచ్చి నాకు తెలిసిన నాలుగు తమిళం ముక్కలతో పార్కు ఎక్కడని అడిగాను. ఒకాయన చేయి చూపించాడు. రోడ్డు దాటి, మెట్లెక్కి, మెట్లు దిగి తీరా వెళ్తే అది పార్కు కాదు, పార్కు టౌన్. ఆ బళ్లు వేళచ్చేరి వైపు వెళ్తాయట. రెండు స్టేషన్లు, దాదాపు ఒకటే పేరు, పక్కపక్కనే!

మళ్లీ వెనక్కి నడుద్దామంటే అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, గుడికొచ్చిన మనిషిలా స్థిమితంగా కూర్చుని, ‘నేను ఇక్కడే ఉంటాను, నువ్వు వెళ్లి నీ కన్ను చూపించుకుని రా’ అంది. చివరికి ఒక ఆటో మాట్లాడాను. అయిదు వందలు అడిగితే నాలుగు వందల యాభైకి దిగాడు. దూరం చూస్తే నాలుగైదు కిలోమీటర్లు.

ఈసారి మా బావమరిది మెట్రో అంటున్నాడు. మా ఆవిడ కారు అంటోంది. అమ్మ ఏమీ అనడం లేదు, అదే నాకు ఎక్కువ భయంగా ఉంది. అలవాటున్నవారు దారి చెప్పండి.

కావలి నుంచి:

మాస్టారూ, కారు మాట్లాడుకోండి. మా నాన్నను రెండుసార్లు అలాగే తీసుకెళ్లాను. ఇంటి గుమ్మం ముందు ఎక్కి ఆసుపత్రి గుమ్మం ముందు దిగాం. ఖర్చంటారా, పెద్దవాళ్ల విషయంలో చూసుకోకూడదు. బస్సు మాత్రం వద్దు. 2018 నుంచి మన వైపు బస్సులు మాధవరంలోనే ఆగిపోతున్నాయి. అక్కడి నుంచి నుంగంబాక్కం చేరడం ఇంకో ప్రయాణం.

ఒంగోలు టు గిండీ:

నాది ఒంగోలు, తొమ్మిదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. మీ బావమరిది చెప్పింది నిజమే, మెట్రో చూడండి సార్.

సెంట్రల్ కింద మెట్రో స్టేషను 2018 మే నెలలో మొదలైంది. రెండు లైన్లూ అక్కడ కలుస్తాయి. నీలం లైను ఒకవైపు విమ్కో నగర్ దాకా, రెండో వైపు అన్నా శాలై, గిండీ మీదుగా విమానాశ్రయం దాకా వెళ్తుంది. ఆకుపచ్చ లైను ఎగ్మోరు, కోయంబేడు, వడపళని మీదుగా సెయింట్ థామస్ మౌంట్‌కు వెళ్తుంది. మీరు నీలం లైనులో విమానాశ్రయం వైపు బండి ఎక్కి మూడో స్టేషను థౌజండ్ లైట్స్‌లో దిగండి. గవర్నమెంట్ ఎస్టేట్, ఎల్ఐసీ, ఆ తర్వాత అదే. అక్కడి నుంచి కాలేజీ రోడ్డుకు ఆటోలో కాస్త దూరమే. మెట్రోలో చార్జీ పది రూపాయల నుంచి మొదలవుతుంది, ఎంత దూరమైనా యాభై దాటదు. చల్లగా ఉంటుంది, లిఫ్టులు ఉంటాయి.

ఫోనులో ‘చెన్నై వన్’ యాప్ పెట్టుకోండి. 2025 సెప్టెంబరులో వచ్చింది. సిటీ బస్సుకు, మెట్రోకు, లోకల్ బండికి ఒకే చోట టికెట్టు తీసుకోవచ్చు. ఇంకో మాట, తెల్ల బోర్డు ఉన్న ఆర్డినరీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు 2021 నుంచి టికెట్టు లేదు. అమ్మగారికి ఉచితం, మీకు మాత్రం డబ్బులు!

షావుకారుపేట అక్క:

మాస్టారు గారూ, నమస్తే. నాకు నెల్లూరు చిన్నబజారులో చీరల కొట్టుంది. సరుకు కోసం ఇరవై రెండేళ్లుగా నెలకు రెండుసార్లు మద్రాసు షావుకారుపేటకు, గోడౌన్ వీధికి వెళ్లి వస్తున్నాను. (చెన్నై అనాలని తెలుసు. నోరు తిరగదు. మా తాత ‘మద్రాసు మనదే’ అని ఊరేగింపుల్లో తిరిగిన మనిషి, ఆ ఇంట్లో పుట్టాను.) అంటే సెంట్రల్ స్టేషనులో తక్కువలో తక్కువ అయిదు వందల సార్లు దిగి ఉంటాను. మా అత్తగారిని ఇలాగే కంటికి, మా వారిని గుండెకు, మా చిన్నవాడిని కాలేజీకి అక్కడి నుంచే తీసుకెళ్లాను. అందుకని కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అందరూ ‘సెంట్రల్ నుంచి ఎలా వెళ్లాలి’ అన్న దగ్గర మొదలుపెడుతున్నారు. మీ అమ్మగారు కూలబడింది ఆ తర్వాత కాదు, అంతకు ముందే. బోగీ తలుపు నుంచి రోడ్డు దాకా ఉన్న దూరంలోనే ఆవిడ మోకాళ్లు అయిపోయాయి. ఆ తర్వాత పార్కు అయినా పార్కు టౌన్ అయినా ఆవిడకు ఒకటే. కాబట్టి మీరు ముందు ఆలోచించాల్సింది బోగీ.

సెంట్రల్‌లో పట్టాలు అయిపోతాయి. మన నెల్లూరు స్టేషనులాగా బండి వచ్చి ఆగి ముందుకు పోయేది కాదు. ఇంజను వెళ్లి గోడకు ముక్కు ఆనించినంత దగ్గరలో ఆగుతుంది, ఆ గోడ వెనకే పెద్ద హాలు, దాని ముందు రోడ్డు. అంటే మనం వెళ్లేటప్పుడు ఇంజను పక్క బోగీలో ఉన్నవాడు దిగి పది అడుగులు వేస్తే హాల్లో ఉంటాడు. చివరి బోగీవాడు బండి పొడవంతా నడవాలి. మా అత్తగారితో వెనక బోగీ నుంచి గేటు దాకా పద్దెనిమిది నిమిషాలు పట్టింది, గడియారం పెట్టుకుని చూశాను. తర్వాతిసారి ముందు బోగీలో తీసుకెళ్లాను. మూడు నిమిషాలు. మనిషి అదే, మోకాళ్లు అవే.

ఇంజను వెనక సాధారణంగా జనరల్ బోగీలు ఉంటాయి. వాటి తర్వాత వచ్చే రిజర్వేషను బోగీ ఏదో బోగీల వరుస చూసి తెలుసుకోండి. టికెట్టు తీసేటప్పుడు కావలసిన బోగీ నంబరు రాసే గడి ఒకటి ఉంటుంది, అందులో వేయండి. దొరికితే మంచిది. దొరక్కపోతే గూడూరు దాటాక నెమ్మదిగా ముందుకు జరగడం మొదలుపెట్టండి. బండి బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగినప్పుడు మిగతా దూరం జరగవచ్చు. ఆగకుండా వెళ్తే మీ అదృష్టం. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా అక్కడ ఆపుతుంటారు. జనం అంతా లేచి సంచులు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటారు, బండి కదలదు. ఆ నిలబడే గుంపులోకి మాత్రం అమ్మగారిని దింపకండి. కూర్చోబెట్టి ఉంచండి. అక్కడ పట్టాలు అయిపోతాయని చెప్పాను కదా, బండి ఎక్కడికీ పోదు. అందరూ దిగాక దిగండి.

బ్యాటరీ బండి ఉంటుంది, కూలీలు చక్రాల కుర్చీ కూడా తెస్తారు. కావాలంటే అడగండి. కానీ దాన్ని నమ్ముకుని వెనక బోగీ ఎక్కకండి.

ఇక దారి. మెట్రో అన్న తమ్ముడి మాట కాదనను. విమానాశ్రయానికో గిండీకో అయితే నేనూ మెట్రోనే ఎక్కుతాను. నాలుగైదు కిలోమీటర్ల దూరానికి మాత్రం నాకు నచ్చదు. నేల కిందికి దిగాలి, తనిఖీ, గేటు, మళ్లీ కిందికి, మూడు స్టేషన్లు, మళ్లీ పైకి, ఆ పైన ఎలాగూ ఆటో. ఆటో ఎక్కక తప్పనప్పుడు మొదట్లోనే ఎక్కితే పోదా? లోకల్ బండి సంగతీ అంతే. పార్కులో ఎక్కితే ఎగ్మోరు, చేట్‌పట్, నుంగంబాక్కం. అయిదు రూపాయల టికెట్టు. మీరు ఒక్కరే అయితే అంతకన్నా మంచి దారి లేదు. కానీ ఆఫీసుల వేళకు అందులో ఎక్కడమంటే మన మూలాపేట రథోత్సవంలో తేరు తాడు పట్టుకోవడం లాంటిది. దిగాక అక్కడ కూడా మెట్లే.

మెట్రో నాకు ఇంకో రకంగా పనికొస్తుంది. సెంట్రల్ ముందున్న రోడ్డు మీకు గుర్తుండే ఉంటుంది, దాన్ని దాటాలంటే ప్రాణం లేచిపోతుంది. మెట్రో స్టేషనుకు రోడ్డుకు ఈవలా ఆవలా దారులున్నాయి. సెంట్రల్ వైపు లిఫ్టులో కిందికి దిగి, టికెట్టు గేటు దాకా వెళ్లకుండానే పక్కగా నడిచి, పార్కు స్టేషను వైపు, జనరల్ ఆసుపత్రి వైపు తేలవచ్చు. నేను మెట్రో ఎక్కిన దానికన్నా ఆ సొరంగంలో నడిచింది ఎక్కువ. నేల నున్నగా ఉంటుంది, ఎండ లేదు, హారన్లు లేవు.

రోడ్డు ఎందుకు దాటాలంటారా? మీరు వెళ్లాల్సింది పడమటి దిక్కుకు. అటు వెళ్లే బళ్లు పార్కు స్టేషను వైపు నుంచి పోతాయి. సెంట్రల్ గుమ్మం ముందు ఆటో ఎక్కితే వాడు ముందు తూర్పుకు పోయి చుట్టు తిరిగి రావాలి. పైగా ఆ గుమ్మం ముందు నిలబడి ఉండే ఆటోలు మీలాంటి వారి కోసమే నిలబడి ఉంటాయి. చేతిలో ఎక్స్‌రే కవరు, పక్కన పెద్దావిడ, నోట్లో తెలుగు. ఇంకేం కావాలి? అవతలికి వెళ్లి ఫోనులో ఆటో పిలవండి. వచ్చేదాకా అమ్మగారిని కింద నీడలోనే కూర్చోబెట్టి, ఆటో వచ్చి నిలబడ్డాక పైకి తీసుకురండి.

గుర్తులు చెబుతాను. రోడ్డు మీద నిలబడి చూస్తే ఎర్రగా, గడియారం గోపురంతో కోటలా ఉండేది సెంట్రల్. దానికి పడమటగా తెల్లగా మెరిసేది రిపన్ బిల్డింగ్, కార్పొరేషను ఆఫీసు. ఆ రెండింటి మధ్య ఉన్నది మూర్ మార్కెట్ కాంప్లెక్స్, లోకల్ బళ్ల స్టేషను. మన సూళ్లూరుపేట లోకల్, గుమ్మిడిపూండి లోకల్, అరక్కోణం లోకల్ అక్కడి నుంచే. కళ్లముందు తెల్ల భవనం దగ్గరపడుతోందంటే మీరు తప్పు దారిలో ఉన్నారన్నమాట, వెనక్కి తిరగండి. నా చిన్నప్పుడు అక్కడ అసలు మూర్ మార్కెట్ ఉండేది. మా నాన్న పాత పుస్తకాలు కొనడానికి తీసుకెళ్లేవారు, నాకో గాజు పావురం కొనిపెట్టారు. 1985లో తగలబడిపోయింది. ఆ స్థలంలోనే ఈ లోకల్ స్టేషను కట్టారు. మద్రాసులో మొదటి రైలు స్టేషను పక్కన అంత మంచి బజారు ఉండేదని ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు.

ఏ బండి అన్నది చెప్పలేదు కదూ. మీకు పదిన్నరకు పని. పినాకిని మధ్యాహ్నానికి గానీ చేరదు, పనికిరాదు. నేను వెళ్లేది బిట్రగుంట బండి. తెల్లవారుజామున నెల్లూరు వస్తుంది, పొద్దున్నే సెంట్రల్‌లో దింపుతుంది, సాయంత్రం అదే బండి తిరిగి వస్తుంది. లైను పనులున్న రోజుల్లో రద్దు చేస్తుంటారు, రెండు రోజుల ముందు ఒకసారి చూసుకోండి. ఆత్మకూరు నుంచి అర్ధరాత్రి బయలుదేరి పెద్దావిడను హైరానా పెట్టకండి. ముందు రోజు సాయంత్రమే నెల్లూరు వచ్చి చుట్టాలింట్లో పడుకోండి.

బిట్రగుంట పాత షెడ్డు:

అమ్మా, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. ముప్పై మూడేళ్లు రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట దిద్దుతాను. మద్రాసులో మొదటి స్టేషను సెంట్రల్ కాదు, రాయపురం. అది 1856 నాటిది. సెంట్రల్ 1873లో వచ్చింది. పేరు కూడా 2019లో మార్చారు, టికెట్టు మీద ఎం.జి.ఆర్. చెన్నై సెంట్రల్ అని వస్తుంది. మాస్టారు గారు అది చూసి వేరే స్టేషను అనుకుని కంగారు పడకూడదు.

అక్కడ దూరపు బళ్లకు పన్నెండు ప్లాట్‌ఫారాలు, లోకల్ బళ్లకు అయిదు. దూరపు బళ్ల వైపు పదకొండు దాకానే అంకెలు కనిపిస్తాయి. పన్నెండోది 2ఏ. రెండుకూ మూడుకూ మధ్య ఇరికించినట్టు ఉంటుంది, పొట్టి బళ్లకు వాడతారు. తిరుగు ప్రయాణంలో బోర్డు మీద 2ఏ అని పడితే, రెండో నంబరుకు వెళ్లి నిలబడేవారిని నేను చాలామందిని చూశాను.

ఇంకో దారి. చార్మినార్ ఇప్పుడు సెంట్రల్‌కు రావడం లేదు, తాంబరం దాకా వెళ్తుంది, దారిలో ఎగ్మోరులో ఆగుతుంది. నుంగంబాక్కానికి సెంట్రల్ కన్నా ఎగ్మోరు దగ్గర. రిజర్వేషను దొరికితే అదీ ఆలోచించండి. వందే భారత్ అని ఎవరైనా అంటే, అది రేణిగుంట మీదుగా చుట్టు తిరిగి రాత్రికి చేరుతుంది, మీ పనికి కాదు.

షావుకారుపేట అక్క:

రాయపురం సంగతి ఒప్పుకున్నాను బాబాయి గారూ. ఇరవై రెండేళ్లుగా కొట్టుకొచ్చేవాళ్లకు తప్పే చెబుతున్నానన్నమాట.

చార్మినార్ మంచి ఆలోచనే. కాకపోతే అది హైదరాబాదు నుంచి రాత్రంతా వచ్చే బండి. తెల్లవారుజామున నెల్లూరులో ఎక్కేసరికి మన బెర్తు మీద ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు. వాళ్లను లేపడం, వాళ్లు లేచి మనల్ని చూడటం. మాస్టారు గారి ఇష్టం.

ఆత్మకూరు మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. అక్కగారూ, మీ జవాబు ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను. తిరుగు ప్రయాణం గురించి ఒక్క ప్రశ్న. ఆపరేషను అయిన రెండో రోజు, కంటికి రక్షణ కప్పుతో ఉంటుంది. సాయంత్రం బండి అందకపోతే మూర్ మార్కెట్ నుంచి సూళ్లూరుపేట లోకల్, అక్కడి నుంచి మెమూ పట్టుకుని నెల్లూరు చేరవచ్చని మా బావమరిది అంటున్నాడు. చేయవచ్చా?

షావుకారుపేట అక్క:

మీ బావమరిదిని ఒకసారి ఆ దారిన ఒంటరిగా రమ్మనండి.

లోకల్‌లో సూళ్లూరుపేట దాకా పొన్నేరి, గుమ్మిడిపూండి, తడ అంటూ అన్నిచోట్లా ఆగుతూ పోవాలి. కిటికీలోంచి దుమ్ము, తోపులాట, ఎవరి మోచేయి ఎటు తగులుతుందో తెలియదు. ఆ బళ్లలో మరుగుదొడ్డి ఉండదు. డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఇది చెప్పకుండా టికెట్టు తీయడం అన్యాయం. నేను ఒకసారి చీరల మూటతో అలా వచ్చాను. కొత్త కంటితో వద్దు.

వచ్చేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది, లెక్కల మాస్టారు కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు. హాలుకు దగ్గరగా ఉండేది అప్పుడు బండి తోక. ఇంజను అవతలి చివర తగిలిస్తారు. వెళ్లేటప్పుడు ముందు బోగీ, వచ్చేటప్పుడు వెనక బోగీ. నెల్లూరులో దిగాక నడక పడుతుంది, పడనివ్వండి. అక్కడ మన మనుషులు ఎదురొస్తారు, మన భాషలో తిట్టుకుంటూ నడవవచ్చు.

ఆ రోజు సాయంత్రం దాకా ఆగగలిగితే బిట్రగుంట బండే పట్టుకోండి. ఆగలేకపోతే పినాకిని మధ్యాహ్నం బయలుదేరుతుంది. ఆసుపత్రి నుంచి ఎప్పుడు వదులుతారో తెలియదు కాబట్టి ఒక్క బండికే ముడిపెట్టుకోవద్దు. పెరుగన్నం కట్టించుకుని ఎక్కండి. కంటి చుక్కల మందు సీసా పెట్టెలో కాదు, మీ చొక్కా జేబులో ఉండాలి. రెండు గంటలకోసారి వేయమంటారు, పెట్టె సీటు కిందికి తోసేశాక దాన్ని లాగడం నా వల్ల కాలేదు.

ఒంగోలు టు గిండీ:

అక్కా, మెట్రోను వంతెన కింద దారిలా వాడుకునేవారిని మిమ్మల్నే చూశాను. ఇకపై మా అమ్మ వచ్చినప్పుడు నేనూ అదే చేస్తాను.

ఆత్మకూరు మాస్టారు:

వెళ్లి వచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది.

బిట్రగుంట బండిలోనే వెళ్లాం. ఇంజను నుంచి మూడో బోగీ. బేసిన్ బ్రిడ్జి దగ్గర ఇరవై నిమిషాలు ఆగింది. అక్కగారు చెప్పినట్టే జనమంతా లేచి నిలబడ్డారు, మేము కూర్చున్నాం. అమ్మ వాళ్లందరినీ చూస్తూ, ‘వీళ్లకు ఎవరూ చెప్పలేదా, అక్కడితో పట్టాలు అయిపోతాయని?’ అంది. ప్రింటు కాగితం తనకు ముందు రోజే చదివి వినిపించాను మరి.

దిగాక హాలు దాకా నాలుగు నిమిషాలు. మీ మూడు నిమిషాల రికార్డు తప్పింది, అమ్మ మధ్యలో ఆగి బోర్డు చదివింది. ఎం.జి.ఆర్. పేరు చూసి, ఆయన సినిమా ఒకటి తన పెళ్లికి ముందు సూళ్లూరుపేటలో చూశానని చెప్పింది. నాకు యాభై రెండేళ్లు, ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

లిఫ్టు, సొరంగం, అవతలి ఒడ్డు. తమ్ముడూ, టికెట్టు యంత్రాల దగ్గర మెరిసే నేల చూసి అమ్మ చెప్పులు విప్పబోయింది, ఆపాను. ఆటో నూట ముప్పై అయిదు రూపాయలు. పోయినసారి నాలుగు వందల యాభై. తేడా ఎంతో అమ్మే నోటితో లెక్క వేసి చెప్పింది, రెండుసార్లు చెప్పింది, ఆసుపత్రిలో పక్కన కూర్చున్న కడపావిడకు కూడా చెప్పింది.

ఆపరేషను బాగా జరిగింది. తిరుగు ప్రయాణానికి సాయంత్రం బండే అందింది. బోర్డు మీద 2ఏ పడింది. నేను అలవాటుగా రెండో నంబరు వైపు తిరిగాను. అమ్మ కప్పు లేని ఎడమ కంటితో పైకి చూసి, నా చొక్కా పట్టుకుని ఆపి, ‘ఏ ఉందిరా, ఏ ఉంది’ అంది. బిట్రగుంట బాబాయి గారికి ప్రత్యేకంగా నమస్కారాలు.

నెల రోజులకు మళ్లీ చూపించుకోవాలి. అక్కగారూ, ఈసారి ఒక పూట ముందే దిగి షావుకారుపేట చూడాలంటోంది. సెంట్రల్ నుంచి దగ్గరేనా?

షావుకారుపేట అక్క:

స్టేషనుకు తూర్పు పక్క వాల్‌టాక్స్ రోడ్డు దాటితే వచ్చేసినట్టే. నేను నడిచే పోతాను, మీరు రిక్షా మాట్లాడుకోండి. ఏ రోజో రెండు రోజుల ముందు చెప్పండి, నా సరుకు రోజు అటే జరుపుకుంటాను. అమ్మగారిని ఒక మాట అడిగి ఉంచండి, నేత చీరా, పట్టా? పట్టు అయితే మా కొట్లోనే తీసుకోమనండి, అంత దూరం ఎందుకు.